ముఖాలకు రంగులు ఎందుకు?

ప్రశ్న: నేను నర్సరీ టీచర్‌ని. మహనీయులను పరిచయం చేయాలని వారానికొకరి బొమ్మ ఉన్న షీట్ ఇస్తాం, పిల్లలు రంగులేస్తారు. మర్నాడు ‘ఈయనెవరు?’ అంటే ‘తాతయ్య’ అంటున్నారు. ఈ వయసులో అసలు ఏమైనా ఎక్కుతుందా?

జవాబు: గడ్డం, కళ్లద్దాలు కనిపిస్తే తాతయ్య అనక ఇంకేమంటారండీ! నిన్నకీ మొన్నకీ తేడా తెలియని పిల్లలకు పుట్టిన సంవత్సరాలు చెప్పి లాభం లేదు. ముఖాన్ని వదిలేయండి. ఆ మనిషి చేసిన పని పిల్లల చేత చేయించండి.

నేనైతే లూయీ బ్రెయిల్‌తో మొదలుపెడతాను. ఫ్రాన్స్‌లో 1809లో పుట్టాడు. మూడేళ్లప్పుడు నాన్న తోలుపని చేసే చోట మొనదేలిన పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. తర్వాత రెండు కళ్లూ పోయాయి. పదిహేనేళ్లకే వేళ్లతో చదివే చుక్కల లిపి తయారుచేశాడు. పిల్లలకు ఇంత అక్కర్లేదు. ‘కళ్లకు దెబ్బ తగిలింది, చూపు పోయింది, అయినా చదువుకోవాలనుకున్నాడు’ చాలు. ‘నొప్పి పుట్టిందా?’ అని తప్పకుండా అడుగుతారు. పుట్టిందనే చెప్పండి, దాచకండి.

తర్వాత మందపాటి అట్ట ముక్క ఇచ్చి, చిక్కటి జిగురుతో చుక్కలు పెట్టించండి. పల్చటి కాగితమైతే ముడతలు పడుతుంది. బ్రెయిలీలో ‘ల’ చాలా తేలిక: ఒకదాని కింద ఒకటి మూడు చుక్కలు. లూయీ పేరు మొదలయ్యేది దాంతోనే. చుక్కలు ఉబ్బెత్తుగా రావాలని పూసలు, గింజలు అంటించకండి, ముక్కులో దోపుకుంటారు. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు కళ్లు మూసుకుని వేలితో తడమమనండి. సగంమంది వేళ్ల సందుల్లోంచి చూస్తారు, చూడనివ్వండి.

ఆ తర్వాత ఫ్రాన్స్ చిత్రకారుడు మతీస్. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన చాలావరకు మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. సహాయకులు రంగులు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి బొమ్మలు చేశాడు. మీరూ ఒకరోజు కాగితాలకు రంగు పూయించి, ఇంకో రోజు మొన లేని కత్తెరలు ఇవ్వండి. కత్తెర పట్టలేని పిల్లలు చింపి అంటిస్తారు.

వారానికొకరు మాత్రం వద్దు, నెలకొకరు చాలు. తల్లిదండ్రులకు బాగా కనబడాలని మీరు బొమ్మలు సరిదిద్దకండి, అప్పుడు అందులో పాపది పేరు ఒక్కటే మిగులుతుంది. చుక్కల అట్టలను గోడకు అంటిస్తే పిల్లల చేతికి అందే ఎత్తులోనే అంటించండి.