రెండు ఎడమ పాదాలు, ఐదు చిన్న సున్నాలు

ప్రశ్న: కళాచరిత్రతో పరిచయం కోసం గోంబ్రిక్ రాసిన 'ది స్టోరీ ఆఫ్ ఆర్ట్' కొన్నాను. యాభై పేజీలు దాటేసరికి పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. ఎలా చదవాలి? మన శిల్పాల ఊసేమైనా ఇందులో ఉందా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: మంచి పుస్తకం కొన్నారు. 1950లో వచ్చిన ఈ పుస్తకంలా కొత్తవాళ్లను చెయ్యి పట్టుకుని నడిపించేది మరొకటి లేదనే మా నమ్మకం. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు. బొమ్మ చూడకుండా పేరా దాటేస్తే ఎవరికైనా మిగిలేది పేర్లే. చూపించలేని కృతి గురించి వీలైనంతవరకు మాట్లాడకూడదని గోంబ్రిక్ నియమం పెట్టుకున్నాడు. అంటే ఆయన మాట సగం, పక్కనున్న బొమ్మ సగం. మీది చిన్న సైజు ప్రతి అయితే పాఠమంతా ముందు, బొమ్మలన్నీ వెనక ఉంటాయి. రెండు రిబ్బన్లు ఇచ్చింది అందుకే. ఒకటి పాఠంలో, ఒకటి బొమ్మల్లో పెట్టుకుని, రోజుకు ఒక్క అధ్యాయం చాలనుకోండి.

ఈజిప్టు అధ్యాయంతోనే మొదలుపెట్టి చూడండి. హెసిరె అనే అధికారి సమాధిలోని చెక్క పలక ఉంటుంది. ముఖం పక్కకు, కన్ను మాత్రం ఎదురుగా. భుజాలు ఎదురుగా, కాళ్లు మళ్లీ పక్కకు. పాదాలు రెండూ బొటనవేలు వైపు నుంచే గీశారు కాబట్టి మనిషికి రెండూ ఎడమ పాదాలే అన్నట్టుంటుంది. చేతకాక కాదు. ప్రతి భాగాన్నీ అది బాగా తెలిసే వైపు నుంచి చూపించడం వాళ్ల పద్ధతి.

ఇప్పుడు గ్రీకుల అధ్యాయానికి వెళ్లి, క్రీ.పూ. 500 ప్రాంతంలో యూథిమిడీస్ చిత్రించిన కుండ చూడండి. యుద్ధానికి బయల్దేరుతున్న యువకుడి కుడి పాదం పాత పద్ధతిలోనే పక్కకు ఉంది. ఎడమ పాదం మాత్రం ఎదురుగా, అయిదు వేళ్లూ వరసగా అయిదు చిన్న సున్నాల్లా! తెలిసింది కాక, కంటికి కనిపించింది గీయడం అక్కడ మొదలైందంటాడు గోంబ్రిక్. అదెంత కష్టమో తెలియాలంటే అద్దం ముందు నిలబడి మీ పాదాన్ని ఎదురుగా గీసి చూడండి. కంటికి పొట్టిగా కనిపిస్తున్నా చెయ్యి పాదాన్ని పొడుగ్గానే గీసేస్తుంది. తెలిసినదానికీ కనిపించేదానికీ మధ్య ఈ పెనుగులాటే పుస్తకమంతా నడిచే దారం. అది చేతికి చిక్కితే పేర్లు వాటంతటవే కుదురుకుంటాయి.

మన సంగతికొస్తే, పుస్తకంలో ఇదే పెద్ద లోటు. భారతదేశానికి దక్కినవి కొద్ది పేజీలే, అవీ గాంధారం (నేటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతం) చుట్టూనే. అమరావతి బౌద్ధ శిల్పాల ఊసే లేదు. ఆ ఖాళీ మీరే పూరించుకోవచ్చు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి నుంచి వచ్చిన నలగిరి ఏనుగు పతకం ఉంది. బుద్ధుడు శాంతింపజేసిన ఏనుగు కథ చెక్కిన గుండ్రని రాతి శిల్పం అది. ఒకే వలయంలో అదే ఏనుగు రెండుసార్లు: ఒకవైపు వీధిలో మనుషుల్ని తొక్కుతూ, మరోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతూ. ఇందులో శిల్పి కంటికి కనిపించిందెంత, తెలిసిందెంత? గోంబ్రిక్ అడిగే ప్రశ్నే అడుగుతూ చూడండి.

ప్రశ్న: ఇదే పుస్తకం పాతది చవకగా దొరుకుతోంది. తీసుకోవచ్చా?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు బొమ్మలు తిరగేయండి. తొలి ముద్రణల్లో ఎక్కువ భాగం నలుపు-తెలుపే. వెలుగునీడల చిత్రకారుడు రెంబ్రాంట్ వరకు సర్దుకోవచ్చు గానీ రంగులే ప్రాణమైన మోనే దగ్గర నష్టపోతారు. 1995 నాటి 16వ ముద్రణ దొరికితే వదలకండి. కొనేముందు బొమ్మల పేజీలు ఊడిపోలేదని చూసుకోండి.