‘కేవలం’ అన్న మాట కొట్టెయ్యమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం ముందు ఒకసారి గబగబా చదివాను, తరువాత పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి చదివాను. పన్నెండు పేజీల్లో నేను గీతలు పెట్టిన చోట్లు చాలానే ఉన్నాయి. కానీ ఫోన్‌లో చెప్పకుండా ఇలా కూర్చుని ఉత్తరం రాయడానికి కారణం మూడో పేజీలోని ఒక్క మాట. “ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ అనేది కేవలం ఒక ఉజ్జాయింపు పద్ధతి” అని రాశావు. లోపలి వివరాలు పక్కన పెట్టి, ఒక శక్తి స్థాయిలో కనిపించే కణాలతోనే లెక్క వేసే సిద్ధాంతం గురించి అన్న మాట అది. ఆ ‘కేవలం’ కొట్టెయ్యమ్మా. అది ఉన్నంతసేపూ నువ్వు పాఠకుడికి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. నువ్వు పట్టుకున్న విషయంలో సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

ఉజ్జాయింపులో రెండు రకాలున్నాయి. సంతలో చేత్తో ఎత్తి చూసి “కిలో ఉంటుందిలే” అనడం ఒకటి. కాటాలో తూచి, “ఈ కాటా ఐదు గ్రాముల లోపు తేడా పట్టుకోలేదు” అని చెప్పి ఇవ్వడం ఇంకొకటి. మొదటి దాంట్లో తప్పు ఎంతో అమ్మేవాళ్లకూ తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. రెండో దాంట్లో తప్పు ఎంతకు మించదో ముందే తెలుసు. నీ సిద్ధాంతం ఈ రెండో రకం. నీ వ్యాసం మొత్తానికి నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా దీని వివరమే.

మొదటి నాలుగు పేజీలూ ప్రోటాన్ లోపల ఉండే క్వార్కులు, వాటిని కలిపి ఉంచే గ్లుయాన్లు, ‘రంగు’ అని పిలిచే వాటి గుణం. బాగా రాశావు, అందులో సందేహం లేదు. కానీ అవన్నీ మోసుకుంటూ పాఠకుడు ఐదో పేజీకి వచ్చేసరికి “ఇప్పుడు క్వార్కుల్ని పక్కన పెడదాం” అన్నావు. మరి ఇంత దూరం ఎందుకు మోయించావని అడగరూ? అక్కడి నుంచి కాకుండా, ఆ పక్కన పెట్టడం ఎలా కుదిరింది అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టు. గది వేడిమిలో తిరిగే న్యూట్రాన్ తరంగదైర్ఘ్యం దాదాపు 0.18 నానోమీటర్లు. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెర్మీలు. ఫెర్మీ అంటే మిల్లీమీటరును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఈ రెండింటికీ రెండు లక్షల రెట్ల పైన తేడా. అంత పొడుగాటి అలకు ప్రోటాన్ లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? శక్తి తక్కువైన కొద్దీ అల పొడవు పెరుగుతుంది, అల పొడవు పెరిగిన కొద్దీ లోపలి వివరం కనిపించడం మానేస్తుంది. ఇది చెప్పాక నీ పాఠకుడే అంటాడు, అయితే ఆ వివరం లేకుండానే లెక్క వెయ్యొచ్చుగా అని.

పేపర్లో ఫొటోను దగ్గరగా చూస్తే చుక్కలు, దూరంగా చూస్తే బొమ్మ అన్న పోలిక ఇచ్చావు. ఈ విషయం మీద రాసే ప్రతివాళ్లూ ఇదే ఇస్తారు. తప్పని అనను. కానీ ఆ పోలికలోంచి లెక్క పుట్టదు. ఎంత దూరంలో నిలబడితే ఎంత తప్పు వస్తుందో అది చెప్పదు. లెక్క పుట్టే ఉదాహరణ మన కాళ్ల కిందే ఉంది, చూడు.

గురుత్వ త్వరణం 9.8 అని బళ్లో నేర్చుకున్నాం, ఎత్తుతో పని లేకుండా అన్నిచోట్లా అదే అన్నట్టు. ఇరవై మీటర్ల తాటిచెట్టు మీంచి కాయ పడితే, చెట్టు పైనా కిందా ఉండే తేడా పది లక్షల్లో ఆరు వంతులు. ఎవరికీ పట్టదు. ఇప్పుడు నాలుగు వందల కిలోమీటర్ల పైకి, అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తుకు వెళ్దాం. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, అంటే మన ఎత్తు దానిలో దాదాపు పదహారో వంతు. ఈ చిన్న భిన్నమే మన చేతిలో పనిముట్టు. మొదటి సవరణలో ఈ భిన్నం, రెండోదాంట్లో దాని వర్గం, మూడోదాంట్లో ఘనం వస్తాయి. మొదటి సవరణ వేస్తే గురుత్వం 12.56 శాతం తగ్గాలని వస్తుంది. రెండో సవరణ కలిపితే 11.37. మూడోది కలిపితే 11.47. న్యూటన్ సూత్రంతో నేరుగా లెక్కిస్తే? అదే 11.47. ప్రతి మెట్టులోనూ తప్పు చిక్కిపోతూ వచ్చింది. ఎంత చిక్కుతుందో కూడా ఆ పదహారో వంతు చూసి ముందే చెప్పగలిగేవాళ్లం. ఇదే లెక్క పట్టుకుని 3,84,000 కిలోమీటర్ల అవతల ఉన్న చంద్రుడి దాకా వెళ్లు. మొదటి సవరణకే గురుత్వం దిక్కు మారి వస్తువులు పైకి పడాలి! రెండో సవరణ మొదటిదాని కన్నా పెద్దది, మూడోది ఇంకా పెద్దది. లెక్క తనంతట తానే “నేను ఇక్కడ చెల్లను” అని చెబుతుంది.

దీన్ని నీ వ్యాసంలో కాగితం పెన్సిల్‌తో చేయించు. పాఠకుడు ఒక్కసారి ఆ మూడు అంకెలూ తన చేత్తో రాబట్టుకుంటే, తరువాత నువ్వు ఎత్తు బదులు శక్తి అనీ, భూమి వ్యాసార్ధం బదులు బరువైన కణం ద్రవ్యరాశి అనీ అన్నా తడబడడు.

ఇక ఫెర్మీ, అంటే కొలత కాదు, శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ. ఇక్కడ నేను చేసిన పొరపాటు నీకు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక వ్యాసంలో, డబ్ల్యూ బోసాన్ అనే కణం దొరకడంతో, న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారే బీటా క్షయం గురించి ఫెర్మీ చెప్పిన సిద్ధాంతం తప్పని తేలిపోయిందని రాశాను. వారం తిరక్కుండా ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారి నుంచి కార్డు వచ్చింది. తప్పని తేలితే, ఆ సిద్ధాంతంతో వేసిన లెక్కలు ఇంకా ప్రయోగశాలలో ఎందుకు సరిపోతున్నాయో కూడా రాయండి అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

జవాబు ఇప్పుడు చెబుతాను. ఫెర్మీ ఆ సిద్ధాంతం 1933, 34లలో రాశాడు. న్యూట్రాన్, ప్రోటాన్, ఎలక్ట్రాన్, న్యూట్రినో, నాలుగూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయని రాసి, ఆ కలయిక బలానికి ఒక స్థిరాంకం పెట్టాడు. మధ్యలో ఏ కణం రాకపోకలు చేస్తుందో ఆయనకు తెలియదు. ఆ కణం, డబ్ల్యూ, 1983లో ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో దొరికింది. కణాల ద్రవ్యరాశినీ శక్తినీ ఒకే ప్రమాణంలో చెబుతారు; దాని ద్రవ్యరాశి దాదాపు 80,000 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. న్యూట్రాన్ క్షయంలో విడుదలయ్యే శక్తి ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు, 0.78. ఈ రెండింటి నిష్పత్తిని వర్గం చెయ్యి. డబ్ల్యూ మధ్యలో ప్రయాణించడం వల్ల ఫెర్మీ లెక్కకు పడాల్సిన సవరణ అంత ఉంటుంది, వెయ్యి కోట్లలో ఒక వంతు లెక్కన. అందుకే యాభై ఏళ్ల పాటు డబ్ల్యూ కనిపించకపోయినా పని ఆగలేదు. అదే ఫెర్మీ సూత్రాన్ని కొన్ని వందల గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా (గిగా అంటే వెయ్యి మెగా) లాగితే, సంభావ్యత ఒకటిని దాటిపోయే అసంబద్ధమైన జవాబులు వస్తాయి, చంద్రుడి దగ్గర గురుత్వం లాగే. సిద్ధాంతం తప్పు కాలేదమ్మా, దాని పొలిమేర ఎక్కడుందో తెలిసింది. నేను రాసిన వాక్యమే తప్పు. నువ్వు ఆరో పేజీలో దాదాపు అదే వాక్యం రాశావు గనుకే ఇంతగా చెబుతున్నాను.

ప్రోటాన్, న్యూట్రాన్‌ల మధ్య బలాన్ని మోసే తేలికైన కణాలు పయాన్లు; వాటి దగ్గర నువ్వు రెండు లైన్లతో సరిపెట్టావు. అక్కడ మాత్రం కాస్త ఆగాలి. క్వార్కులతో నేరుగా లెక్క వెయ్యడం తక్కువ శక్తి దగ్గర మహా కష్టం, ఎందుకంటే క్వార్కుల్ని కట్టిపడేసే ‘బలమైన బలం’ అక్కడ నిజంగానే బలంగా ఉంటుంది, ఏ పదాన్నీ చిన్నదని వదిలెయ్యలేం. అలాంటి చోట ఏం చెయ్యాలో భౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ వైన్‌బర్గ్ 1979లో తేటగా చెప్పాడు. తక్కువ శక్తి దగ్గర నిజంగా కనిపించే కణాలు, అంటే పయాన్ల లాంటివి తీసుకో. సౌష్ఠవం (సిమెట్రీ) ఒప్పుకునే పదాలన్నీ, ఒక్కటీ వదలకుండా సమీకరణంలో రాయి. శక్తి ఘాతాన్ని బట్టి వాటిని వరసలో పెట్టు. నీకు కావాల్సిన ఖచ్చితత్వం వచ్చిన చోట ఆగు. పయాన్లు అంత తేలికగా ఎందుకున్నాయో సౌష్ఠవ భంగంతో, అంటే ఆ సౌష్ఠవం చెదరడంతో, ముడిపెట్టి నాంబు అనే శాస్త్రవేత్త అంతకు ముందే దారి చూపాడు గనుక, ఏ సౌష్ఠవం వాడాలో తెలుసు.

ఫలితం చూడు. రెండు పయాన్లు బాగా నెమ్మదిగా ఎదురైతే ఒకదాన్నొకటి ఎంత పట్టించుకుంటాయో చెప్పే సంఖ్య ఒకటుంది, స్కాటరింగ్ లెంగ్త్ అంటారు. పయాన్ ప్రమాణాల్లో దాని విలువ వైన్‌బర్గ్ 1966లో మొదటి మెట్టు మీద లెక్కగడితే 0.16 వచ్చింది. 1983లో గాసర్, లాయిట్‌వైలర్ రెండో మెట్టు ఎక్కితే 0.20. తరువాత కొలాంజెలోతో కలిసి ఇంకో మెట్టు ఎక్కి 0.220 అన్నారు, అటూ ఇటూ 0.005 తేడాతో. సెర్న్‌లో ఎన్‌ఏ48/2 ప్రయోగం వాళ్లు పది లక్షలకు పైగా కేయాన్ అనే కణాల క్షయాలు గమనించి కొలిస్తే 0.221 వచ్చింది. నాకు ఈ నాలుగు అంకెలూ ఎప్పుడు చూసినా ఒళ్లు గగుర్పొడుస్తుంది. క్వార్క్ అన్న మాట సమీకరణంలో ఎక్కడా లేదు! ఈ అంకెలకు ఒక పేజీ ఇచ్చెయ్. తాటిచెట్టు లెక్క చేసిన పాఠకుడికి ఇవి వెంటనే అర్థమవుతాయి.

ఇందులో తెలియని స్థిరాంకాలు ఉంటాయని, వాటిని ప్రయోగం నుంచే తీసుకోవాలని నువ్వు ఒక ఫుట్‌నోట్‌లో దాచినట్టు రాశావు. దాచకు. ఒకచోట కొలిచిన స్థిరాంకం ఇంకోచోట పనికి రావడంలోనే ఈ పద్ధతి గొప్పతనం ఉంది. డ్యూటెరాన్ కథ చెప్పు. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం అది. మన మణుగూరు దగ్గర అశ్వాపురం కర్మాగారంలో తయారయ్యే భారజలంలో ఉండేది ఈ కేంద్రకమే, కాబట్టి ఇదేదో ఎక్కడో ఉండే వింత వస్తువని పాఠకుడు అనుకోనక్కర్లేదు. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలిసి డ్యూటెరాన్‌గా మారడంతోనే ఆ వెలుగుకు మొదటి అడుగు పడుతుంది. ఆ చర్య ఎంత అరుదంటే, సూర్యుడిలో ఉండే శక్తుల దగ్గర దాన్ని ఏ ప్రయోగశాలలోనూ కొలవలేం. కెనడాలోని సడ్బరీ గనిలో, రెండు కిలోమీటర్ల లోతున, వెయ్యి టన్నుల భారజలం పెట్టి, సూర్యుడి న్యూట్రినోలు డ్యూటెరాన్లను విడగొట్టడం చూశారు. కలవడం ఒకటి, విడిపోవడం ఇంకొకటి. కానీ ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీలో రాస్తే రెండు లెక్కల్లోనూ తెలియకుండా మిగిలేది ప్రధానంగా ఒకే స్థిరాంకం. గనిలో చూసినదాన్ని బట్టి సూర్యుడి కడుపులోని సంగతికి హద్దులు గీయొచ్చు. దీన్ని ఫుట్‌నోట్‌లో పెడతారా ఎవరైనా?

ఇదే డ్యూటెరాన్ దగ్గర ఒక చిక్కు కూడా ఉంది, అదీ రాయి. పయాన్ వల్ల పుట్టే బలం చేరే దూరం 1.4 ఫెర్మీలు. కాబట్టి న్యూట్రాన్, ప్రోటాన్‌ల స్కాటరింగ్ లెంగ్త్ కూడా ఆ చుట్టుపక్కలే ఉండాలని అనుకుంటాం. వాటి స్పిన్‌లు, అంటే తమ చుట్టూ తాము తిరుగుతున్నట్టుండే గుణం, ఎదురెదురుగా ఉన్నప్పుడు కొలిస్తే మైనస్ 23.7 ఫెర్మీలు! అంత పెద్ద సంఖ్య వచ్చేసరికి ఏ పదం చిన్నది, ఏది పెద్దది అన్న వరస తారుమారవుతుంది. వైన్‌బర్గ్ 1990, 91లలో కేంద్రక బలాలకు ఒక వరస చెప్పాడు. 1998లో కప్లన్, సావేజ్, వైజ్ ఇంకో వరస చెప్పారు. ఏది సరైనదో ఈ రంగంలోవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదన నీ వ్యాసంలో లేదు, అంతా తేలిపోయినట్టు రాశావు. తేలనిది తేలలేదని రాస్తే చదివేవాళ్లకు నీ మీద నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

పేరు గురించి ఒక్క ముక్క. ‘ప్రభావశీల క్షేత్ర సిద్ధాంతం’ అని అనువదించావు. ఇక్కడ ఎఫెక్టివ్ అంటే ప్రభావం చూపేది అని కాదు, ఆ స్థాయిలో చెల్లేది అని. అచ్చమైన తెలుగు పేరు నాకూ దొరకలేదు. దొరికేదాకా ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ అనే రాసి, ‘చెల్లడం’ అన్న మాటతో వివరించు. ఆ మాట సంతలో వాళ్లకూ తెలుసు, క్లాసులో వాళ్లకూ తెలుసు.

ముగింపులో విశ్వరహస్యం గురించి రాసిన పేరా తీసెయ్. భారజలం దగ్గర ఆపితే చాలు. పదకొండో పేజీలో డ్యూటెరాన్ బంధన శక్తి 22 మెగా ఎలక్ట్రాన్ వోల్టులని టైపయింది, 2.2 ఉండాలి. అంత గట్టిగా అంటుకుని ఉంటే సడ్బరీలో న్యూట్రినోలు దాన్ని విడగొట్టగలిగేవి కావు. ఆ చుక్క పెట్టి, పయాన్ల పేజీ పెంచి, పండగ లోపల మళ్లీ పంపు. పెన్సిల్ చెక్కి పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మాస్టారు