టోటల్ లాస్ కారుకి ఐడీవీలో రెండు లక్షలు కోసి ఇస్తామంటే సంతకం పెట్టాలా?

పెట్టకండి. కనీసం ఆ కోత ఎక్కడిదో కాగితం మీద తేలేదాకా పెట్టకండి.

మీరు రాసింది ఇదీ: హైవే మీద లారీ గుద్ది కారు టోటల్ లాస్ (బాగుచేయించడం గిట్టుబాటు కానంత నష్టం) అయింది, పాలసీలో ఐడీవీ (కారు విలువ ఇంతని పాలసీలో ముందే రాసిన మొత్తం) 6,30,000, గ్యారేజ్ ఎస్టిమేట్ 6,90,000, కంపెనీ మాత్రం 4,28,000 ఇస్తానంటోంది. కారణం అడిగితే ఫోన్‌లో "మార్కెట్ వాల్యూ అంతే సార్" అన్నారు. ఆ మాట వదిలేసి కూడికలు తీసివేతలు చూడండి. 6,30,000 లోంచి తప్పనిసరి డిడక్టిబుల్, అంటే మీరే భరించాల్సిన భాగం, 1,000 పోతుంది (1500 సీసీ లోపు కార్లకి వెయ్యి, దాటితే రెండు వేలు). మిగిలింది 6,29,000. అందులోంచి వాళ్లిస్తానన్న 4,28,000 తీస్తే 2,01,000. ఇలాంటి గుండ్రంగా లేని అంకె కనిపిస్తే అది చాలావరకు మార్కెట్ విలువ తగ్గింపు కాదు, నుజ్జయిన మీ బండికి ఎవరో తుక్కు వ్యాపారి వేలంలో వేసిన రేటు. దీన్నే నెట్ ఆఫ్ సాల్వేజ్ అంటారు, అంటే తుక్కు (సాల్వేజ్) విలువ పోగా ఇచ్చే మొత్తం. తేటగా చెప్పాలంటే, మీరు అడక్కుండానే కంపెనీ ఆ తుక్కుని రెండు లక్షలకి మీకే అంటగట్టింది.

అసలు టోటల్ లాస్‌లో మార్కెట్ విలువ అనే చర్చే రాకూడదు. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్‌లో రాసిన పద్ధతే ఇప్పటికీ పాలసీల్లో నడుస్తోంది. పాలసీ మొదలైన రోజున కారు తయారుచేసిన కంపెనీ లిస్టు ధర తీసుకుని, బండి వయసుని బట్టి తరుగు తీస్తారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. మీ మోడల్ లిస్టు ధర 9,00,000 అయితే 30 శాతం పోగా 6,30,000. సరిగ్గా సరిపోయింది. ఇలా వచ్చిన ఐడీవీనే ఆ ఏడాది పొడుగునా మార్కెట్ విలువగా చూడాలి, టోటల్ లాస్‌లో మళ్లీ తరుగు తీయకూడదు అని అందులోనే ఉంది. పదకొండో నెలలో ప్రమాదం జరిగినా అంకె అదే. సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఇదే కారు ఐదు లక్షలకి దొరుకుతోందని వాళ్లు స్క్రీన్‌షాట్ పంపినా చెల్లదు. ఏడు లక్షలు పలుకుతోందని మీరు పంపినా చెల్లదు. రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా రావు, రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కొన్నప్పటి బిల్లు మొత్తం ఇప్పించే అదనపు కవర్) అనే యాడ్-ఆన్ కొనుంటే తప్ప.

ఇక్కడో మాట. డాలస్ నుంచి బావగారో, ఇంగ్లిష్ యూట్యూబ్ వీడియోనో "అలాంటి కార్లు నాలుగు ఎంతకి అమ్ముతున్నారో చూపించి బేరమాడు" అని సలహా ఇస్తారు. అక్కడ ప్రమాదం నాటికి కారు అసలు విలువ ఎంతో చూసి ఇస్తారు కాబట్టి ఆ బేరానికి అర్థముంది. ఇక్కడ రేటు ముందే రాసుకున్నాం, మీ బేరమంతా తుక్కు దగ్గరే. ఇంకో దరిద్రం ఏమిటంటే, రెన్యువల్ వెబ్‌సైట్లలో ఐడీవీ జరిపే గీత ఒకటి ఉంటుంది. ఎనిమిది వందల ప్రీమియం మిగులుతుందని దాన్ని ఎడమవైపు లాగేసి, తర్వాత కంపెనీ మోసం చేసిందనేవాళ్లని బీమా ఫిర్యాదులు తేల్చే ఏ ఆంబుడ్స్‌మన్ కూడా కాపాడలేడు. మీరు ఆ పని చేయలేదు, సంతోషం.

సాల్వేజ్ కథ ఎలా నడుస్తుందో చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. సర్వేయర్ (నష్టం అంచనా వేసేవాడు) ఫొటోలు తీసి ఆన్‌లైన్ వేలంలో పెడతాడు. బిడ్లు రెండు రకాలు: ఆర్సీతో, ఆర్సీ లేకుండా. ఆర్సీతో అయితే రేటు బాగా ఎక్కువ. కంపెనీ సహజంగా పెద్ద అంకె పట్టుకుని మీ క్లెయిమ్‌లోంచి కోస్తుంది, ఆ బిడ్డర్ ఫోన్ నంబర్ మీకిచ్చి "ఆయన రెండు లక్షలిస్తాడు, మీకు మొత్తం ఐడీవీ వచ్చినట్టే కదా" అంటుంది. మీరు కన్సెంట్ లెటర్ (అంగీకార పత్రం) మీద సంతకం పెడతారు. బిడ్డర్ గ్యారేజ్‌కి వస్తాడు, బానెట్ ఎత్తి చూస్తాడు, ఇంజిన్ బ్లాక్ పగిలింది, ఫొటోల్లో ఇది లేదు, లక్షా నలభైకి మించి ఇవ్వనంటాడు. లేదా బిడ్ గడువు అయిపోయిందంటాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఫైల్ మూసేశాం అంటారు. ఈలోపు గ్యారేజ్‌వాడు రోజు లెక్కన పార్కింగ్ వేస్తుంటాడు, పని చేయించలేదు కాబట్టి ఎస్టిమేట్ చార్జీ కూడా. ఆ అరవై వేల తేడా, ఆ పార్కింగ్ రెండూ మీ నెత్తిన పడతాయి.

దీనికి మందు ఒక్కటే: సాల్వేజ్ నాకొద్దు, మీరే తీసుకెళ్లండి అని రాయడం. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన జనరల్ ఇన్సూరెన్స్ మాస్టర్ సర్క్యులర్‌లో సాల్వేజ్ తీసుకునే బాధ్యత కంపెనీదేనని, దాన్ని పాలసీదారు మీద రుద్దకూడదని ఉంది. ఫోన్‌లో వాదించొద్దు, మెయిల్ పెట్టండి. క్లెయిమ్ నంబర్, పాలసీ నంబర్ రాసి నాలుగు అడగండి. ఐడీవీ నుంచి 4,28,000 దాకా వచ్చిన లెక్క వరుసవారీగా. సర్వే రిపోర్టు కాపీ. సాల్వేజ్‌కి వచ్చిన బిడ్లన్నీ తేదీలతో, ఆర్సీతోనా లేకుండానా అన్న వివరంతో. చివరగా, బండి ఫలానా షెడ్‌లో ఉంది, తాళాలు, కాగితాలు అప్పగించడానికి సిద్ధం, 6,29,000 చెల్లించి తీసుకెళ్లండి, ఈ తేదీ తర్వాత పార్కింగ్ ఖర్చు మీదే అన్న వాక్యం. ఈ చివరి వాక్యం వెళ్లాక చాలా ఫైళ్లు కదులుతాయి, ఎందుకంటే షెడ్ అద్దె భయం వాళ్లకీ మొదలవుతుంది. సర్వే రిపోర్టు కంపెనీ రహస్యం అని ఎవరైనా అంటే నమ్మకండి, అడిగితే పాలసీదారుకి కాపీ ఇవ్వాల్సిందే. సర్వేయర్ రాసిందే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది కూడా.

కంపెనీ ఒక్కోసారి తిరగబడి "అసలు ఇది టోటల్ లాసే కాదు, రిపేర్ చేయించుకోండి" అంటుంది. మరమ్మతు, బండి లాక్కొచ్చే ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్క. మీకు ఆ గీత 4,72,500. ఎస్టిమేట్ 6,90,000 అంటే దాటేసినట్టే అనిపిస్తుంది కానీ, "పాలసీ షరతులకు లోబడి" అన్న ముక్క పట్టుకుని సర్వేయర్ ముందు తరుగు కోస్తాడు. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లు, ఎయిర్‌బ్యాగులకి 50 శాతం, ఫైబర్‌కి 30, రెండు నుంచి మూడేళ్ల బండిలో ఇనుప భాగాలకి 15, అద్దానికి సున్నా. డాష్‌బోర్డ్, బంపర్లు, ఎయిర్‌బ్యాగులు పోయిన బండిలో ఈ కోతతోనే లక్షన్నర దిగిపోతుంది, ఆపైన "మార్చక్కర్లేదు, బాగుచేయొచ్చు" అని పార్టులు కొట్టేస్తే అంకె గీత కిందకి వచ్చేస్తుంది. జీరో డెప్ (పార్టులకి తరుగు కోయకుండా ఇచ్చే యాడ్-ఆన్) ఉంటే తరుగు కోత చాలావరకు పోతుంది కాబట్టి ఆ యాడ్-ఆన్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఛాసిస్ సరిచేయడం, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, వైరింగ్ హార్నెస్ ఎస్టిమేట్‌లో విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. గ్యారేజ్‌వాళ్లు పైపైన చూసి రాసిన మొదటి ఎస్టిమేట్‌లో ఇవి సగం ఉండవు. విప్పి చూశాక వేసే సప్లిమెంటరీ ఎస్టిమేట్‌ని సర్వేయర్‌కి మెయిల్‌లోనే పంపించండి.

సరిగ్గా 25 శాతం కోత కనిపిస్తే మాత్రం కథ వేరు. అది నాన్-స్టాండర్డ్ సెటిల్‌మెంట్. తెల్ల బోర్డు బండిని అద్దెకి తిప్పారనో, ఇంకో షరతు తప్పారనో అంటున్నట్టు. ఆ కారణం రాతపూర్వకంగా చెప్పమనండి. మీ అంకెలో అది లేదు.

లోన్ ఉంటే చెక్ ముందు బ్యాంకుకే పోతుందని గుర్తుంచుకోండి, మిగిలిందే మీకు. క్లెయిమ్ తేలేదాకా ఈఎంఐ ఆపకండి, సిబిల్ పాడవుతుంది, కంపెనీ దానికి బాధ్యత తీసుకోదు. టోయింగ్‌కి మామూలు పాలసీలో కార్లకి 1,500 మాత్రమే ఇస్తారు, క్రేన్‌వాడు పన్నెండు వేలు తీసుకున్నా సరే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే దాని కింద అడగండి.

డబ్బు అత్యవసరమై ఆ 4,28,000 ముందు తీసుకోవాల్సి వస్తే, డిశ్చార్జ్ వోచర్ (డబ్బు ముట్టిందని ఇచ్చే రసీదు) మీద "అభ్యంతరంతో, మిగతా మొత్తం మీద హక్కు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని సొంత చేతిరాతతో రాసి సంతకం పెట్టండి, ఫొటో తీసుకోండి, అదే రోజు మెయిల్ కొట్టండి. వోచర్ మీద సంతకం ఉన్నంత మాత్రాన పాలసీదారు ఎక్కువ అడిగే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబర్ సర్క్యులర్‌లో చెప్పింది. అయినా ఏమీ రాయకుండా పెట్టిన సంతకాన్ని తర్వాత వివరించుకోవడం పెద్ద తలనొప్పి.

మెయిల్‌కి కదలకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు. ఇది దాటవేయొద్దు, ఆంబుడ్స్‌మన్ మొదట అడిగేది ఇదే. పక్కనే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ నమోదు చేయించి టోకెన్ నంబర్ ఉంచుకోండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు, కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆయన తీర్పు కంపెనీని కట్టేస్తుంది, మిమ్మల్ని కాదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. తిరగేసి చేయకండి. కమిషన్‌లో కేసు నడుస్తుండగా ఆంబుడ్స్‌మన్ మీ కాగితం ముట్టుకోడు. ఎవరేం అడిగినా "కన్స్యూమర్ కోర్టులో వెయ్యండి" అని సలహా పడేసేవాళ్లు ఈ ముక్క చెప్పరు. కమిషన్ గడువు రెండేళ్లు, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ఎక్కడికి వెళ్లినా మిగిలిన 2,01,000తో పాటు ఆలస్యానికి వడ్డీ, పార్కింగ్ బిల్లు కూడా అడగండి.

బండి ఎవరు తీసుకెళ్లినా ఆర్సీ సంగతి తేల్చకుండా తాళాలు ఇవ్వకండి. ఆర్సీతో కొన్నవాడు పేరు మార్చుకోకపోతే ఆ బండి రేపు ఎక్కడ గుద్దినా రికార్డులో యజమాని మీరే, 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. తుక్కు బండి ఆర్సీ, ఛాసిస్ నంబర్ పట్టుకుపోయి దొంగ బండికి తగిలించే దందా కూడా ఉంది. తుక్కుకే పోతుంటే ఆర్టీఓలో ఆర్సీ రద్దు చేయించండి (బండి ఇక పనికిరాదని తేలాక పద్నాలుగు రోజుల్లో తెలపాలి), లోన్ తీరితే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్సీ మీద బ్యాంకు అప్పు తొలగించమనే కాగితం) జత చేయండి. అప్పగింత కాగితం మీద తేదీతో పాటు సమయం కూడా రాయించి, అదే రోజు ఫాస్టాగ్ మూసేయండి.