పర్లాకిమిడిలో ఒక్కరే ఉండే అమ్మకి ఫ్లిప్ ఫోన్ పనికొస్తుందా? కొనేముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి డెబ్బై దగ్గర పడింది, పర్లాకిమిడిలో ఒక్కరే ఉంటారు, స్మార్ట్‌ఫోన్ వద్దంటున్నారు. మామూలు కీప్యాడ్ ఫోన్ రొంటిన దోపుకుంటే మీటలు నొక్కుకుపోయి ఎవరెవరికో కాల్స్ వెళ్తున్నాయి. వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. ఫ్లిప్ ఫోన్ కొంటే ఈ బాధ తప్పుతుందా, రోజూ వాడితే నిలుస్తుందా అని.

రొంటిన నొక్కుకుపోయే బాధ తప్పుతుంది. మూత వేస్తే అంకెల మీటలన్నీ లోపలే ఉంటాయి, లాక్ తీయడం వేయడం అనే పనే ఉండదు. నిలుస్తుందా అన్నది మాత్రం మూత కీలు మీద, ఆ మూత ఆవిడ చేతికి ఎంత సులువుగా లొంగుతుందన్నదాని మీద ఉంటుంది. దానికంటే ముందు, ఆ ఇంట్లో ఆ సిమ్‌తో కాల్ అందాలి. అందుకే నెట్‌వర్క్ దగ్గర మొదలుపెడతాను. ఫ్లిప్ కొన్న చాలామంది దెబ్బతినేది అక్కడే.

తక్కువ ధరలో దొరికే ఫ్లిప్పుల్లో చాలా వాటికి 2జీ మాత్రమే ఉంటుంది. ఎవరో ఇచ్చిన పాత మోటరోలా, శాంసంగ్ ఫ్లిప్పులూ అంతే. జియోకి 2జీ, 3జీ అసలు లేవు. కాబట్టి జియో సిమ్ వేస్తే అవి ఎప్పటికీ మోగవు. డబ్బా మీద 4జీ అని ఉన్నా సరిపోదు, వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడించే ఏర్పాటు కూడా ఉండాలి. వోల్టీ లేని 4జీ ఫోన్‌లో ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే కాల్ వచ్చినప్పుడు ఫోన్ 2జీకి దిగి మాట్లాడిస్తుంది. దిగడానికి జియోలో ఏమీ లేదు. బీఎస్ఎన్ఎల్ అయితే ఇంకో మెలిక ఉంది. వాళ్ల దేశవ్యాప్త 4జీని 2025 సెప్టెంబర్ 27న మన ఒడిశాలోనే ఝార్సుగుడాలో ప్రారంభించారు. అది నడిచేది ముఖ్యంగా 700, 2100 మెగాహెర్ట్జ్‌ల మీద, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1 అనే తరంగ శ్రేణుల మీద. ఆర్.ఉదయగిరి, మోహన వైపు కొండల్లో బంధువులుండి అమ్మగారు అటు వెళ్తుంటే బ్యాండ్ 28 ఉందో లేదో డబ్బా మీద చదివి మరీ తీసుకోండి. చాలా కీప్యాడ్ ఫోన్ల స్పెసిఫికేషన్‌లో ఆ అంకె కనిపించదు.

దుకాణంలో వాళ్ల సిమ్‌తో కాదు, అమ్మగారి సిమ్ వేసి చూడండి. ఒక కాల్ చెయ్యండి, ఒకటి రప్పించుకోండి. మాట్లాడుతున్నంతసేపూ పైన 4జీ గుర్తు అలాగే నిలిస్తే వోల్టీ నడుస్తున్నట్టు. కాల్ కలవగానే అది మారి 2జీకి పోతే ఆ ఫోన్‌కీ ఆ కంపెనీకీ వోల్టీ పొత్తు కుదరలేదని అర్థం.

సరిహద్దు సంగతి కూడా చెప్పాలి. పర్లాకిమిడికి పాతపట్నం పక్కనే. ఊరి అంచుల్లో ఇల్లయితే ఫోన్ ఒకసారి ఒడిశా టవర్‌ని, ఇంకోసారి ఆంధ్ర టవర్‌ని పట్టుకుంటుంది. పక్క రాష్ట్రపు టవర్ మీద ఉన్నంతసేపూ ఫోన్ మధ్యమధ్యలో సొంత సర్కిల్ (సిమ్ తీసుకున్న రాష్ట్రపు నెట్‌వర్క్) కోసం వెతుకుతూ ఉంటుంది, బ్యాటరీ అక్కడ కరిగిపోతుంది. ఛార్జింగ్ రెండో రోజుకే అయిపోతోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి ఒడిశా నెట్‌వర్క్‌ని ఎంచుకోవచ్చు. కానీ ఆవిడ టెక్కలికో శ్రీకాకుళానికో ఆసుపత్రికి వెళ్తే ఫోన్ ఆంధ్రలో ఏ టవర్‌నీ పట్టుకోకపోవచ్చు, ఎవరైనా మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టాలి. ఒంటరిగా తిరిగే మనిషైతే ఆటోమేటిక్‌లోనే వదిలేసి, రోజూ రాత్రి ఛార్జింగ్ పెట్టే అలవాటు చేయించడం మేలు. బ్యాటరీ పోతే ఇంకోటి కొనవచ్చు, అవసరానికి కాల్ కలవకపోతే ఏం చేస్తాం.

ఇక మూత. ఫ్లిప్‌లో తెర, బయటి చిన్న తెర, చెవి దగ్గరి స్పీకర్ అన్నీ పై భాగంలో ఉంటాయి. బ్యాటరీ, బోర్డు, మీటలు కింది భాగంలో ఉంటాయి. ఈ రెంటినీ కలిపేది కీలు గుండా వెళ్లే సన్నటి ఫ్లెక్స్ పట్టీ ఒక్కటే. మూత తీసిన ప్రతిసారీ అది ఒకే చోట వంగుతుంది, కొన్నాళ్లకి లోపలి రాగి గీతలు చిట్లుతాయి. ముందుగా కనిపించేది మూత కదిపితే మాట తెగడం. తర్వాత తెర మీద గీతలు వస్తాయి, ఒక కోణంలో వెలిగి ఇంకో కోణంలో తెల్లబడిపోతుంది. అక్కడికి వచ్చాక కీలు విప్పి పట్టీ మార్చడం తప్ప దారి లేదు. పేరు తెలియని కంపెనీ ఫోన్‌కి ఆ పట్టీ బరంపురంలో కూడా దొరకదు. విడిభాగాలు దొరికే కంపెనీదే తీసుకోమని గట్టిగా చెప్పేది అందుకే.

కొనేటప్పుడు కీలుని ఇలా చూడండి. మూత పూర్తిగా తెరిచి రెండు భాగాల్నీ రెండు చేతులతో పట్టుకుని పక్కలకి మెల్లగా మెలిపెట్టి చూడండి, టకటకమని ఆడకూడదు. ఒక ఇరవై సార్లు తీసి వేయండి. ప్రతిసారీ ఒకేలా పట్టుకుని ఆగాలి, సగంలో వదులైతే ఆ పీస్ వద్దు. తర్వాత కాల్ నడుస్తుండగా మూతని నెమ్మదిగా వంచుతూ మాట తెగుతుందేమో వినండి. చివరిగా మూతని మెల్లగా మూస్తూ లోపలి తెర ఎప్పుడు ఆరుతుందో గమనించండి. మూత పూర్తిగా పడకముందే, కాస్త సందు ఉండగానే ఆరిపోవాలి. మూత పడిందని ఫోన్‌కి చెప్పేది ఒక చిన్న అయస్కాంతం, దాన్ని పసిగట్టేలా ఎదురుగా ఉండే హాల్ సెన్సర్. అది సరిగ్గా పట్టకపోతే మూత వేసినా కాల్ తెగదు, ఇంట్లో మాటలన్నీ అవతలివాళ్లకి వినిపిస్తూనే ఉంటాయి. దీనికి తిరకాసుగా, అయస్కాంతపు బొత్తాం ఉన్న పర్సులో పెడితే మూత తెరిచినా తెర వెలగకపోవచ్చు. ఆ పర్సు మానిపించండి, ఫోన్ చెడిపోలేదు.

ఇదంతా మీరు చూడగలిగింది. మీరు చూడలేనిది ఒకటుంది, అమ్మగారి వేళ్లు. వీలైతే ఆవిణ్ణే దుకాణానికి తీసుకెళ్లండి. రెండు భాగాల మధ్య బొటనవేలి గోరు ఆనడానికి అంచు కానీ గాడి కానీ ఉండాలి. అంచులన్నీ నున్నగా కలిసిపోయిన ఫోన్లు చూడ్డానికి బాగుంటాయి, కీళ్లనొప్పులున్న చేతికి తెరుచుకోవు. ఒంటిచేత్తో తెరవగలిగితే మంచిదే కానీ పట్టుబట్టక్కర్లేదు. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మూత ఎత్తడమే కీలుకి క్షేమం. మణికట్టు విదిలించి తెరవడం, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడడం రెండూ కీలు ఆగే చోట బరువు మోపుతాయి.

మీటల్లో ఒక్కో అంకె విడివిడిగా ఉబ్బెత్తుగా ఉండాలి, 5 మీద చుక్క తగలాలి, నొక్కితే టిక్కుమని వేలికి తెలియాలి. 2004లో వచ్చిన మోటరోలా రేజర్ వీ3 లాంటి పలక మీటలు ముచ్చటగా ఉంటాయి, చూపు తగ్గినవాళ్లకి మాత్రం పనికిరావు.

బయటి తెర లేని ఫ్లిప్ కొనకండి. ఎవరు చేస్తున్నారో మూత తెరవకుండా చెప్పేది అదే. మూత తెరవగానే కాల్ ఎత్తే సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే బయటి తెరే ఆధారం. ఆవిడ పచ్చ మీట నొక్కగలిగితే ఆ సెట్టింగ్ తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. తెరిచి, పెద్ద తెర మీద పేరు చూసుకుని, అప్పుడు ఎత్తుతారు. బ్యాంకు కేవైసీ పేరుతో బెదిరింపుల కాల్స్ వచ్చే ఈ రోజుల్లో ఆ రెండు క్షణాల వ్యవధి విలువైనది. వేళ్లు మరీ మొరాయిస్తే మాత్రం తెరిస్తే ఎత్తేలా పెట్టండి. మూసిన ఫోన్‌కి పక్కన సౌండ్ మీటలు బయటే ఉంటాయి. రొంటిన ఉండగా అవి నొక్కుకుంటే రింగ్ ఆగిపోతుంది. "ఫోన్ మోగలేదమ్మా" అని వాదించుకునే ముందు అది చూడండి.

ఆపదలో నొక్కే ఎస్ఓఎస్ బొత్తాం విడిగా ఉంటే మంచిది. దానికి పెట్టే నంబర్లలో మొదటిది ఊళ్లో వెంటనే రాగలిగేవాళ్లది పెట్టండి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీది తర్వాత. ప్రత్యేక బొత్తాం లేకున్నా భయం లేదు, 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 2017 నుంచి వచ్చిన కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లాలి. ఏ అంకె అన్నది ఫోన్ పుస్తకంలో ఉంటుంది.

మోడల్ చెప్పమంటే, పోల్చి చూసుకోవడానికి నోకియా 2660 ఫ్లిప్‌ని కొలతగా పెట్టుకోండి. 2022లో మన దేశంలో 4,699 రూపాయలకి వచ్చింది. లోపల 2.8 అంగుళాల తెర, బయట 1.77 అంగుళాలది, 4జీ వోల్టీ, రెండు సిమ్‌లు, ఊడదీయగలిగే 1450 ఎంఏహెచ్ బ్యాటరీ, ఎస్ఓఎస్ బొత్తాం, చెవి మిషన్‌తో పొసిగే ఏర్పాటు. కెమెరా 0.3 మెగాపిక్సెల్, దాని గురించి మాట్లాడుకోనక్కర్లేదు. ఏది కొన్నా దీనికి తగ్గకుండా చూసుకోండి.

వాట్సాప్ ఆశ వదిలేయండి. కాయ్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫ్లిప్పుల్లో ఒకప్పుడు ఉండేది, 2024 జూన్ నుంచి కొత్తగా దించుకోవడం ఆపేశారు. మనవల ఫోటోలు, వీడియో కాల్ కావాలంటే ఇంట్లో ఒక చిన్న టాబ్ వేరుగా పెట్టండి, ఫ్లిప్‌ని మాటకే ఉంచండి. ఇంటర్నెట్ లేకుండా కాల్‌తోనే డబ్బు పంపడానికి యూపీఐ 123పే ఉంది, నేను మాత్రం ఒంటరి పెద్దవాళ్లకి అది పెట్టించను.

తెలుగు విషయం. మెనూలో తెలుగు ఉందో లేదో దుకాణంలోనే సెట్టింగ్స్ తెరిచి చూడండి. మెనూలో లేకపోయినా తెలుగు మెసేజ్ చదవగలిగితే చాలు. మీ ఫోన్ నుంచి "అమ్మా, శ్రీముఖలింగం వెళ్లొచ్చావా" అని ఒకటి పంపి, ఒత్తులు సరిగ్గా పడ్డాయా, అక్షరాల బదులు ఖాళీ గళ్లు వచ్చాయా చూడండి. గ్యాస్, బ్యాంకు మెసేజ్‌లు ఇక్కడ ఒడియాలోనూ వస్తుంటాయి కాబట్టి అదీ పరీక్షించండి. ఇంగ్లిష్ మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగుకి 70 మాత్రమే, పొడవుది రెండు మూడు ముక్కలుగా వెళ్తుంది. పేర్లు సిమ్‌లో కాకుండా ఫోన్ మెమరీలో దాచండి. సిమ్‌లో పేరుకి ఇచ్చే చోటు తక్కువ, తెలుగు అక్షరం రెండింతలు తినేస్తుంది. "చిన్నమ్మాయి బరంపురం" లాంటి పేరు సగంలోనే తెగిపోవచ్చు.

మెసేజ్‌ల పెట్టె నిండిపోవడం కీప్యాడ్ ఫోన్లకి పెద్ద జబ్బు. నిండితే గ్యాస్ సిలిండర్ కోడ్ రాదు, బ్యాంకు ఓటీపీ రాదు, జనం సిగ్నల్‌ని తిడతారు. ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని, ఖాళీ వదిలి 0 అని కొట్టి 1909కి పంపితే ప్రకటనలు తగ్గుతాయి, ఓటీపీలు ఆగవు. నెలకోసారి ఇంటికి వచ్చేవాళ్లెవరైనా పెట్టె ఖాళీ చేయాలి.

ఛార్జింగ్ దగ్గర ఒక మెళకువ. టైప్ సీ పోర్టున్న కొన్ని చౌక ఫోన్లు రెండువైపులా టైప్ సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు. ఫోన్‌లో పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టకపోవడమే కారణం. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్ వాడితే ఎక్కుతుంది. బ్యాటరీ ఊడదీసేదే కావాలి, కొన్నప్పుడే అసలు బ్యాటరీ ఇంకొకటి తీసుకోండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా ముంచిందో ఇక్కడివాళ్లకి గుర్తే. కరెంటు రోజుల తరబడి లేనప్పుడు నింపి ఉంచిన రెండో బ్యాటరీ ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆర్నెల్లకోసారి బ్యాటరీ తీసి బల్ల మీద బోర్లా పెట్టి తిప్పండి, గిర్రున తిరిగితే ఉబ్బింది, మార్చేయండి. ఫ్లిప్‌లో ఉబ్బిన బ్యాటరీ మీటల పలకని కింది నుంచి నెడుతుంది.

రొంటిన చెమట తగులుతుంది కాబట్టి చిన్న గుడ్డ సంచి కుట్టించండి. కీలు సందులో పిండి, తవుడు చేరితే పొడి కుంచెతో దులపండి. కిర్రుమంటోందని కొబ్బరినూనె, మిషను నూనె పోయొద్దు, నూనెకి దుమ్ము అంటుకుని బంకలా తయారై కీలుని ఇంకా బిగిస్తుంది. నీళ్లలో పడితే వెంటనే బ్యాటరీ తీసి, మూత తెరిచే ఉంచి, ఫ్యాను గాలికి రెండు రోజులు వదలండి, ఎండలో పెట్టొద్దు.

దుకాణం దిగేముందు స్టార్ హాష్ 06 హాష్ నొక్కితే వచ్చే ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) అంకెలు డబ్బా మీదా బిల్లు మీదా ఉన్నవాటితో సరిపోయాయో చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ వేసి 14422కి మెసేజ్ పెడితే ఫోన్ కంపెనీ, మోడల్ పేరు తిరిగి వస్తాయి. రాకపోయినా, వేరే మోడల్ పేరు వచ్చినా డబ్బు కట్టకండి.