దోసె పిండి, రాగి రేకు

ప్రశ్న: సార్, నేను ఉప్పల్‌లో ఉంటాను. రెండేళ్లుగా ఎలక్ట్రిక్ స్కూటరు మీద పార్సిళ్లు డెలివరీ చేస్తున్నాను. కొత్తలో ఒక్కసారి చార్జింగ్ పెడితే 90 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 60 దాటితే టెన్షన్. కొత్త ప్యాక్ కొందామంటే మా బావ ఆగమంటున్నాడు. సిలికాన్ బ్యాటరీలు వస్తున్నాయట, పదింతలు బలమట. నిజమేనా? ఆగాలా?

జవాబు: ఆగకండి. మీ బావగారు చెప్పిన పదింతల లెక్క అబద్ధం కాదు. కాకపోతే అది మొత్తం సెల్ (ప్యాక్‌లోని ఒక్కో చిన్న బ్యాటరీ) లెక్క కాదు, సెల్‌లో ఒక పక్కన పూసే పొడి లెక్క. ఇప్పటి సెల్స్‌లో ఆనోడ్ వైపు, అంటే చార్జింగ్‌లో లిథియం వచ్చి చేరే పక్కన, రాగి రేకు మీద గ్రాఫైట్ పూస్తారు. ఒక గ్రాము గ్రాఫైట్ ఎంత చేసినా 372 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జినే పట్టుకోగలదు. అదే గ్రాము సిలికాన్ అయితే సుమారు 3,600 పట్టుకుంటుంది. అయితే అవతలి పక్క, ఆ లిథియంని ఇచ్చే కాథోడ్ పాతదే కదా. ఒక గిన్నె పెద్దదైనంత మాత్రాన రెండో గిన్నెలో నీళ్లు పెరగవు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. లిథియం లోపలికి చేరితే గ్రాఫైట్ పదో వంతు ఉబ్బుతుంది. సిలికాన్ దాదాపు నాలుగింతలు అవుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడల్లా ఉబ్బడం, వాడినప్పుడల్లా కుంచించుకుపోవడం. పాలు కాచి చల్లారిస్తే మీగడ కట్టినట్టు, మొదటి చార్జింగ్‌లోనే ఆనోడ్ రేణువుల మీద సన్నని పొర ఒకటి కడుతుంది. ఆ పొర ఉండాలి, అదే ఎలక్ట్రోలైట్, అంటే రెండు పక్కల మధ్య లిథియంని మోసే ద్రవం, విరిగిపోకుండా కాపాడుతుంది. కానీ అది కట్టడానికి కొంత లిథియం ఖర్చవుతుంది, ఆ లిథియం మళ్లీ తిరిగిరాదు. రేణువు ఉబ్బి ఆ పొర పగిలితే లోపల కొత్త పొర కడుతుంది, ఇంకొంచెం లిథియం పోతుంది. అందుకే ఇప్పుడు గ్రాఫైట్‌లో కొద్దిపాటి సిలికాన్ కలుపుతున్నారు. రేణువుల్ని సన్నం చేస్తున్నారు, సాగే గుణమున్న బైండర్లు, అంటే పొడిని అతికించి ఉంచే జిగురు, వాడుతున్నారు. ఆ పని నడుస్తూనే ఉంటుంది. మీ బండి మాత్రం రేపు పొద్దున్న రోడ్డెక్కాలి.

మీరు పోగొట్టుకున్న 30 కిలోమీటర్లలో ఎక్కువ భాగం ఆ మీగడ పొరలోనే చిక్కుకుని ఉంటుంది. వేడి తగిలేకొద్దీ ఆ పొర మందమవుతుంది. మే నెలలో మధ్యాహ్నమంతా ఉప్పల్, హబ్సిగూడ ఎండలో తిరిగి, బండి దిగీ దిగగానే చార్జర్ తగిలించే పిల్లల్ని రోజూ చూస్తుంటాను. నాకు మనసు చివుక్కుమంటుంది. అరగంట నీడలో పెట్టి, చెయ్యి పెడితే వేడి తెలియనంతగా చల్లబడ్డాక చార్జ్ చేయండి. నిండుగా చార్జ్ అయిన ప్యాక్‌ని ఎండలో వదలకండి.

ఇక కొత్త ప్యాక్ సంగతి. మీ పనికైతే నేను ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ ఉన్నది తీసుకోమంటాను. మీ బండికి కంపెనీ అది ఇస్తుందో లేదో ముందు అడగండి. కాథోడ్‌లో నికెల్ వాడే రకం కంటే బరువు కొంచెం ఎక్కువ, సెల్ వోల్టేజి తక్కువ, 3.2 వోల్టుల దగ్గర ఉంటుంది. కానీ అందులో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. బాగా వేడెక్కినా ఆ ఆక్సిజన్ అంత తేలిగ్గా బయటికి రాదు, మంటకు ఊపిరి దొరకదు. 1997లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ బృందం ఈ పదార్థాన్ని ప్రకటించినప్పుడు దీని గుండా కరెంటు సరిగా పారదన్నదే పెద్ద లోపం. రేణువుల్ని బాగా చిన్నవి చేసి, పైన సన్నటి కార్బన్ పూత వేసి దాన్ని దారికి తెచ్చారు. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఈ కార్బన్ పూత ఎల్‌ఎఫ్‌పీ మీద పనిచేసి, తయారీ పద్ధతిని పరిశ్రమకు ఇచ్చారు. ఆ ఊరు మీకు లడ్డూ వేలంతో గుర్తుండొచ్చు. నాకు మాత్రం ఈ పొడితోనే గుర్తు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. గల్లీ షాపులో ప్యాక్ విప్పించి, చచ్చిన సెల్స్ తీసేసి కొత్తవి అతికించుకోకండి. పాత సెల్స్‌తో కొత్తవి కలిస్తే చార్జింగ్ సమంగా ఉండదు, బలహీనమైన సెల్ మీదే భారం పడుతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, ఆ పొగ పైనున్న లాడ్జిలోకి చేరి ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరు నుంచి, తర్వాత 2023 మార్చి నుంచి బ్యాటరీ భద్రతా నిబంధన ఏఐఎస్-156ను దశలవారీగా కఠినం చేశారు. కొనేటప్పుడు దాని ప్రకారం పాసైన ప్యాకేనా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కూకట్‌పల్లి. బ్యాటరీ సెల్స్ రంగంలోకి రావాలని ఉంది. కానీ అదంతా కెమిస్ట్రీ వాళ్ల పని, నీకేం పని అని మా క్లాసువాళ్లంటున్నారు.

జవాబు: అమ్మా, వాళ్లని నా దగ్గరికి పంపు. సెల్ తయారీ చూస్తే సగం వంటిల్లు, సగం వర్క్‌షాప్. పొడినీ బైండర్‌నీ కలిపి దోసె పిండిలా చేస్తారు, రేకు మీద పలచగా పరుస్తారు, ఆరబెడతారు, రోలర్ల మధ్య నొక్కుతారు. పూత మందంగా ఉంటే ఎక్కువ చార్జి పడుతుంది నిజమే. కానీ మందపు ఊతప్పం లోపల పచ్చిగా మిగిలినట్టు, అడుగున ఉన్న పదార్థానికి లిథియం అయాన్లు త్వరగా చేరలేవు. తొందరగా చార్జ్ చేస్తే అవి లోపలికి వెళ్లలేక పైనే లోహంగా పేరుకుంటాయి. ఎంత మందం, ఎంత నొక్కాలి, పూతలో సన్న రంధ్రాలు ఎన్ని మిగలాలి అన్నవి మెకానికల్ వాళ్ల లెక్కలే.

నేను నగర శివారులో ఒక సెల్ యూనిట్‌లో పనిచేసేవాణ్ణి. ఒక వానాకాలం ఒక బ్యాచ్ సెల్స్ షెల్ఫ్ మీదే ఉండి వోల్టేజి పోగొట్టుకోవడం మొదలైంది. తేమ వల్లే అనుకున్నాం. తేమ తగిలితే ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణం విడిపోయి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అందుకే తేమ లేకుండా ఉంచే డ్రై రూమ్‌లోకి ఎంతమంది వెళ్లాలన్నదానికీ లెక్క ఉంటుంది, ఊపిరిలోనూ తేమ ఉంటుంది కదా. మూడు రాత్రులు తేమ రికార్డులే తిరగేశాం. అన్నీ బాగానే ఉన్నాయి. నాలుగో రోజు డిస్చార్జ్ చేసిన సెల్ ఒకటి విప్పి, రెండు రేకుల మధ్య ఉండే సెపరేటర్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టాం. 20 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ పొర అది. దాని మీద ఒక నల్ల చుక్క. రాగి రేకుని కోసే బ్లేడు మొద్దుబారి, రేకు అంచున కంటికి కనపడని ముల్లు లేచింది. అది సెపరేటర్‌ని గుచ్చింది, ఆ చిల్లులోంచే చార్జి మెల్లగా కారిపోయింది. కెమిస్ట్రీలో ఏ తప్పూ లేదు.

బ్లేడు మార్చాల్సిన తేదీ రెండు వారాల కిందటే దాటిపోయింది. రిజిస్టర్‌లో ఆ గడి ఖాళీగా ఉంది, దాని కింద సంతకం నాది. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేశాం. మర్నాటి నుంచి షిఫ్టు మొదలవగానే నేనే కోసిన రేకు అంచుని లెన్స్ కింద పెట్టి చూసి, ఆ తర్వాతే లైన్ నడవనిచ్చేవాణ్ణి. నువ్వు మెట్రాలజీ (కొలతల) ల్యాబ్‌లో మైక్రోస్కోప్ వాడటం బాగా నేర్చుకో. ఇంటర్వ్యూలో అంచు ముల్లు గురించి నువ్వే ఎత్తు.