లోతు సముద్రం గురించి మీరు అడిగినవి

పోయిన నెల ఈ పేజీలో సముద్రం వేడెక్కడం గురించి రాశాను. మనుషుల వల్ల భూమికి అదనంగా చేరిన వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రమే తనలో దాచుకుందన్న మాట చాలామందిని కలవరపెట్టినట్టుంది. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడిగాయి: వాతావరణాన్ని చక్కదిద్దడానికి లోతు సముద్రాన్ని వాడుకోవచ్చు కదా అని. సముద్రం అడుగు మట్టిని పరిశీలించే ఉద్యోగంలో ఇరవై ఏడేళ్ళు గడిపినదాన్ని. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

అమ్మా, ఈ మధ్యే విద్యుత్ స్కూటర్ కొన్నాను. బ్యాటరీలకు కావలసిన లోహాలు సముద్రం అడుగున రాళ్ళలా పరచుకుని ఉన్నాయట. అడవులు నరికి గనులు తవ్వేకంటే, ఎవరూ లేని చోట రాళ్ళు ఏరుకోవడం మంచిది కాదా?
– ఉపాధ్యాయుడు, కాకినాడ

మాస్టారూ, ‘ఎవరూ లేని చోట’ అన్నారే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ముందు ఆ రాయి సంగతి చెబుతాను.

1990ల మొదట్లో మధ్య హిందూ మహాసముద్రంలో సర్వేకు వెళ్ళిన ఓడలో నేనూ ఉన్నాను. అక్కడ లోతు ఐదు కిలోమీటర్లకు పైనే. తాడు లేకుండా నీళ్ళలోకి వదిలే యంత్రం ఒకటి ఉండేది. బరువు కట్టి వదిలితే తనంతట తానే కిందికి దిగేది. అడుగు తాకగానే దాని దవడలు మూసుకుని, బరువు ఊడిపోయి, మళ్ళీ పైకి తేలేది. ఇదంతా జరగడానికి గంటలు పట్టేది. రాత్రి అయితే దాని మీది దీపం ఎక్కడ మినుకుమంటుందా అని డెక్ మీద నిలబడి చీకట్లోకి చూస్తూ ఉండేవాళ్ళం. ఒక రాత్రి అలా పైకి వచ్చినదాంట్లో ఏడు ముద్దలున్నాయి. బంగాళాదుంపంత పరిమాణం, నలుపు రంగు, గరుకైన పై భాగం. చేతిలోకి తీసుకుంటే నల్లటి మసి అంటింది. ఒకదాన్ని కోసి చూశాం. లోపల ఉల్లిపాయలా పొరలు, నడిమధ్యలో చిన్న సొరచేప పన్ను.

ఆ పన్ను చుట్టూ మాంగనీసు, ఇనుము, నికెల్, రాగి, కోబాల్టు పొర మీద పొరగా పేరుకుంటూ వచ్చాయి. ఈ ముద్దలు పెరిగేది పది లక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లే. పిడికిట్లో పట్టేంత ముద్ద తయారు కావడానికి కోటి ఏళ్ళు పట్టవచ్చు. తీసేసిన తర్వాత ‘మళ్ళీ పెరుగుతుందిలే’ అనుకోవడానికి మనిషి లెక్కలో వీలే లేదు.

ఇక ‘ఎవరూ లేని’ సంగతి. ఓడలో నా పని మట్టిని జల్లెడ పట్టడం. పెరుగులా జారే ఆ మట్టి మీద సముద్రపు నీటినే సన్నగా పోస్తూ కడగాలి. ధార కాస్త గట్టిగా పడినా అందులోని జీవులు తెగిపోతాయి. చివరికి జల్లెడ మీద వెంట్రుకంత సన్నటి పురుగులు, ఆవగింజలో సగం కూడా లేని గుల్లలు మిగిలేవి. వాటిలో ఎన్నింటికో పేరు లేదు. మేము సంఖ్య వేసి సీసాలో పెట్టేవాళ్ళం. ఇది మా ఓడ సంగతే కాదు. హవాయికీ మెక్సికోకూ మధ్య క్లారియన్-క్లిపర్టన్ అనే ప్రాంతం ఉంది. గనుల కంపెనీలు అన్నిటికంటే ఎక్కువగా కన్నేసింది దాని మీదే. అక్కడ ఐదు వేలకు పైగా జీవజాతులు ఉండవచ్చనీ, పదింట తొమ్మిదింటికి శాస్త్రం ఇంకా పేరు పెట్టలేదనీ 2023లో అంచనా వేశారు.

వీటిలో చాలా జీవులకు ఆ ముద్దే ఇల్లు. చుట్టూ మైళ్ళ కొద్దీ మెత్తటి మట్టి ఉన్న చోట పట్టు దొరికే గట్టి వస్తువు అదొక్కటే. పెరూ తీరానికి దూరంగా నాలుగు వేల మీటర్ల లోతులో ఒక ఆక్టోపస్ గుడ్లు పెడుతున్న తీరును శాస్త్రవేత్తలు కెమెరాలో చూశారు. స్పంజి అనే సముద్రజీవి చనిపోయాక మిగిలిన కాడకు గుడ్లు అంటించి, తల్లి వాటిని చుట్టుకుని కాపలా కాస్తోంది. ఆ స్పంజి వేళ్ళూనింది మాంగనీసు ముద్ద మీద. ముద్ద తీస్తే స్పంజి లేదు, స్పంజి లేకపోతే ఆ తల్లికి గుడ్లు పెట్టే చోటు లేదు.

పైగా ఏరుకోవడం అంటే చేత్తో ఏరడం కాదు. పెద్ద యంత్రం అడుగున పాకుతూ పైపొర మట్టితో సహా ముద్దలను లాగేస్తుంది. ముద్దలను గొట్టంలో ఓడకు పంపి, మిగిలిన బురద నీటిని మళ్ళీ సముద్రంలోకే వదులుతారు. 1989లో పెరూ దగ్గరే జర్మనీ శాస్త్రవేత్తలు అడుగును నాగలి లాంటి పరికరంతో దున్ని చూశారు. 26 ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు నిన్న గీసినట్టే ఉన్నాయి. మట్టిలోని సూక్ష్మజీవుల పని ఇంకా కోలుకోలేదు. క్లారియన్-క్లిపర్టన్‌లో 1979లో గని యంత్రాన్ని నడిపిన జాడ నలభై ఏళ్ళు దాటాక కూడా చెరగలేదు. కొన్ని చిన్న జీవులు అక్కడికి తిరిగి వచ్చాయి, అదీ చెప్పాలి. ముద్దలను అంటిపెట్టుకుని బతికేవి మాత్రం ముద్దలు లేని చోటికి ఎలా వస్తాయి?

నేల మీది గనుల బాధ గురించి మీరన్నది అక్షరాలా నిజం. కాంగోలో కోబాల్టు కోసం, ఇండొనేషియాలో నికెల్ కోసం మనుషులూ అడవులూ పడుతున్న కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ సముద్రంలో గని తెరిచినంత మాత్రాన నేల మీది గని మూతపడుతుందని ఎవరు హామీ ఇచ్చారు? రెండూ నడుస్తాయి. బ్యాటరీలూ మారుతున్నాయి. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల్లో నికెల్ గాని కోబాల్టు గాని ఉండదు. 2024లో ప్రపంచంలో విద్యుత్ కార్లకు వాడిన బ్యాటరీల్లో, సామర్థ్యం లెక్కన, దాదాపు సగం ఈ రకానివే. మీ స్కూటర్‌లో ఏ రకం ఉందో కాగితాల్లో చూడండి. రాగి అవసరం మాత్రం ఉంటుంది, ఆ సంగతి దాచను. అది పాత తీగల్లో, పాత యంత్రాల్లో ఉంది, కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని మన దేశంలో 2022లోనే నిబంధనలు వచ్చాయి. మీ పిల్లలతో ఇంట్లో మూలన పడిన పాత ఫోన్లు లెక్కపెట్టించండి.

సముద్రంలో ఇనుము చల్లితే నాచు పెరిగి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుందట, దాన్ని తిని చేపలూ పెరుగుతాయట. వేటకు వెళ్ళి డీజిలు ఖర్చు కూడా రాక తిరిగి వస్తున్నాం. మన దగ్గర ఎందుకు చేయరమ్మా?
– మరపడవ మీద పనిచేసే యువకుడు, ఉప్పాడ

తమ్ముడూ, ఈ ఆలోచన అబద్ధం నుంచి పుట్టలేదు. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో మిగతా పోషకాలు ఉన్నా ఇనుము చాలదు. కాస్త ఇనుము అందితే కంటికి కనబడని మొక్కలు, అంటే ప్లవకాలు, గబగబా పెరుగుతాయి. అవి చనిపోయి లోతుకు దిగిపోతే వాటిలోని కార్బన్ వందల ఏళ్ళు పైకి రాదు. ఇదీ ఆశ.

దాన్ని పరీక్షించిన వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 2009 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి పోలార్‌స్టెర్న్ అనే ఓడలో దక్షిణ మహాసముద్రానికి వెళ్ళాయి. ఆ ప్రయోగానికి ‘లోహాఫెక్స్’ అని పేరు పెట్టారు. హిందీలో లోహా అంటే ఇనుమే కదా. పర్యావరణ సంఘాలు అభ్యంతరం చెప్పడంతో జర్మనీ ప్రభుత్వం కొన్నాళ్ళు ఆపి, తర్వాత అనుమతించింది. సుడిలా తిరిగే నీటి మధ్యలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఆరు టన్నుల ఇనుము కరిగించి కలిపారు. మొదటి రెండు వారాల్లో ప్లవకాలు రెట్టింపయ్యాయి. ఆ వార్త మాకు చేరిన రోజు ప్రయోగశాలలో ఎంత సంతోషమో!

తర్వాత జరిగింది వేరు. ప్లవకాలను కోపీపాడ్లనే బియ్యపు గింజంత జీవులు మేసేశాయి. వాటిని తినడానికి రొయ్యల జాతికి దగ్గరి జీవులు గుంపుగా వచ్చాయి. గాజు లాంటి గట్టి గుల్ల ఉండే డయాటమ్లనే రకం ప్లవకాలు అయితే కార్బన్‌ను మోసుకుని కిందికి దిగి ఉండేవేమో. వాటి గుల్లకు కావలసిన సిలికా ఆ నీటిలో మిగల్లేదు. చివరికి లోతుకు చేరిన కార్బన్ చాలా కొద్ది. ఒక చోట పనిచేస్తుందనుకున్నది పక్క నీటిలో పనిచేయదని ఆ ఓడ మనకు చూపించింది. దీన్ని నేను వైఫల్యం అనను. సముద్రం ఇచ్చిన జవాబు అది.

మన బంగాళాఖాతం సంగతి ఇంకా వేరు. గోదావరి, కృష్ణ, గంగ తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరచుకుంటుంది. కింది పోషకాలు పైకి రావడం కష్టం. మన కొరత ప్రధానంగా ఇనుము కాదు. వంద మీటర్లు దాటి కిందికి వెళితే ఆక్సిజన్ దాదాపు లేనంత తక్కువగా ఉండే పొర ఒకటుంది. పైన నాచు పెంచి కిందికి పంపితే, అది కుళ్ళేటప్పుడు మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది. ఊపిరి ఆడని నీటిలో చేప నిలబడదు. నీ వల మరింత ఖాళీ అవుతుంది.

2012లో కెనడా పశ్చిమ తీరాన వంద టన్నుల దాకా ఇనుప సల్ఫేటును సముద్రంలో కలిపారు. సాల్మన్ చేపలు పెరుగుతాయన్న ఆశతో, అక్కడి హైదా ఆదివాసుల గ్రామం డబ్బుతోనే. కష్టంలో ఉన్న జాలరి దగ్గరికే ఇలాంటి ఆశలు ముందుగా వస్తాయి. నీకు అలాంటివారెవరైనా ఎదురైతే, లోతులో ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో లెక్క చూపమని అడుగు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధాన్ని పెద్ద పడవలు కూడా పాటించేలా చూడటం, ఆ రెండు నెలల భృతి మీకు సమయానికి అందడం – ఈ రెండింటి కోసం అడిగే హక్కు మీకుంది. నేను మీ పక్షాన ఉంటాను.

వరిగడ్డి కాల్చవద్దంటున్నారు. కట్టలు కట్టి లోతు సముద్రంలో ముంచేస్తే కార్బన్ అక్కడే ఉండిపోతుందని చదివాను. నిజమేనా?
– రైతు, నిజామాబాద్ జిల్లా

అలా ప్రతిపాదించిన శాస్త్రవేత్తలు ఉన్నారు. లోతులో చల్లదనానికి గడ్డి మెల్లగా కుళ్ళుతుందన్నది వాళ్ళ తర్కం. మెల్లగానైనా కుళ్ళేదే, కుళ్ళితే ఆక్సిజన్ లాగేదే. తన మీద ఎన్నడూ పడని బరువు పడితే ఆ అడుగు ఏమవుతుందో గమనించాలంటే ఏళ్ళు పడుతుంది. అన్నా, మీ గడ్డి పశువులకు, మీ మట్టికి కావాలి. దుక్కిలో కలపడానికి యంత్రం అద్దెకు దొరికేలా మీ మండలంలో అడగండి.

మీలాంటి వాళ్ళు వద్దంటూ కూర్చుంటే చైనా తవ్వుకుపోతుంది. మన వాటా మనం వదులుకోవాలా?
– విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

అయ్యా, మన వాటా కోసం పనిచేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. 1981 జనవరి 26న మన ‘గవేషణి’ ఓడ మన దేశానికి తొలి ముద్దను పైకి తీసింది. 1987లో ఐక్యరాజ్యసమితి మనను తొలి అన్వేషక దేశాల్లో ఒకటిగా గుర్తించింది. 2002లో, ఏ దేశానికీ చెందని సముద్రం అడుగు వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో ఒప్పందం కుదిరింది. ఇప్పుడు 75,000 చదరపు కిలోమీటర్లలో వెతికే హక్కు మనది. వెతకడం వేరు, తవ్వడం వేరు. ఆ సముద్రగర్భం మన సొత్తు కాదు, చైనాదీ కాదు. 1982 నాటి సముద్ర చట్టం దాన్ని మానవాళి ఉమ్మడి వారసత్వం అంది. ఆ చట్టంలో చేరని అమెరికా 2025 ఏప్రిల్‌లో సొంతంగా అనుమతులు ఇస్తానని ప్రకటించింది. దాన్ని చూసి మనమూ పరుగెత్తాలా? ఫ్రాన్స్, జర్మనీ, చిలీ, న్యూజిలాండ్, ఫిజీ, పలావు సహా 30కి పైగా దేశాలు ముందు ఆగుదామంటున్నాయి. నార్వే తన సముద్రంలో తవ్వకాలకు తలుపు తెరిచి మళ్ళీ వాయిదా వేసింది. ఆ వరసలో మన పేరు లేకపోవడం నాకు బాధ.

2021లో మన కేబినెట్ లోతు సముద్ర మిషన్‌కు 4,077 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో భాగంగా ముగ్గురు మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్ళే ‘మత్స్య 6000’ తయారవుతోంది. మేము జల్లెడ మీద చచ్చిన పురుగులను చూశాం. ఈ తరం వాళ్ళు కిటికీలోంచి బతికున్నవాటిని చూస్తారు. నాకు ఈర్ష్యగా కూడా ఉంది. మొదట చూడనివ్వండి, పేర్లు పెట్టనివ్వండి. బహిరంగ సముద్రాల్లో జీవజాతులను కాపాడే కొత్త ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. 2024లోనే దాని మీద మన దేశం సంతకం చేసింది. మన 75,000 చదరపు కిలోమీటర్లలో కొంత భాగాన్ని ఎప్పటికీ ముట్టనని మన దేశమే ముందుగా చెబితే, దాన్ని మీరు వదులుకోవడం అంటారా?

ముద్ద మధ్యలో సొరచేప పన్ను ఉంటుందని మా టీచర్ చెప్పారు. ఆ సొరచేప ఎప్పటిది?
– ఏడో తరగతి విద్యార్థిని, గాజువాక

బంగారూ, కొన్ని పళ్ళు ఇప్పుడు లేనే లేని సొరచేపలవి. 1870లలో లోకం చుట్టి వచ్చిన చాలెంజర్ అనే ఓడ మాంగనీసు పట్టిన మెగలోడాన్ పళ్ళను పైకి తెచ్చింది. మెగలోడాన్ అంతరించి ముప్పై లక్షల ఏళ్ళు దాటింది. మేము కోసిన ముద్దలో పన్ను నీ చిటికెన వేలి గోరంత ఉంది. ఏ సొరచేపదో మాలో ఎవరూ చెప్పలేకపోయాం. మెత్తటి కాగితంలో చుట్టి, పైన తేదీ, లోతు రాసి, చేప పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలిపెట్టాం.