చేతి సైగలతో క్లిక్ చేయబోతే కర్సర్ జారిపోతుంటే

కెమెరా ముందు చెయ్యి కదిపి మౌస్ నడిపే పైథాన్ ప్రోగ్రామ్ రాసుకున్నారు, కానీ క్లిక్ చేయబోతే కర్సర్ జారిపోతోంది, ఆగి ఆగి కదులుతోంది అనుకుందాం. జారిపోవడంలో తప్పు మీ కెమెరాది కాదు. కర్సర్‌ను చూపుడు వేలి కొనకు కట్టేసినట్టున్నారు. క్లిక్ కోసం చిటికె పట్టగానే (బొటనవేలు, చూపుడు వేలు కొనలు కలపగానే) ఆ కొన బొటనవేలి వైపు వంగుతుంది, దానితోపాటు కర్సర్ కూడా బటన్ మీద నుంచి దిగిపోతుంది.

1. కెమెరా చిత్రంలో చేతిని గుర్తించే మీడియాపైప్ లైబ్రరీ చేతిలో 21 బిందువులు ఇస్తుంది, వాటి నంబర్లు 0 నుంచి 20. కర్సర్‌కు 8వది (వేలి కొన) వదిలేసి 5వది, అంటే చూపుడు వేలి మొదటి కణుపు, వాడండి. చిటికెలో అది దాదాపు కదలదు. చాలామంది వదిలేసేది ఇదే. ఒకసారి మీ చెయ్యి ఎదురుగా పెట్టుకుని మెల్లగా చిటికె పట్టి చూడండి, కొన ఎంత దూరం వస్తుందో, కణుపు ఎలా నిలబడి ఉంటుందో తెలిసిపోతుంది.

2. క్లిక్‌ను గుర్తించడానికి 4 (బొటనవేలి కొన), 8 బిందువుల మధ్య దూరం సరే. కానీ దాన్ని 0వ బిందువు (మణికట్టు) నుంచి 5వ బిందువు వరకు ఉన్న దూరంతో భాగించండి. లేకపోతే చెయ్యి వెనక్కి జరపగానే ఉత్తుత్తి క్లిక్‌లు పడతాయి.

3. కర్సర్ ఆగి ఆగి కదులుతుంటే, పైఆటోగుయ్ సంగతి చూడండి. ప్రోగ్రామ్ నుంచి మౌస్‌ను కదిపే ఈ పైథాన్ లైబ్రరీ ప్రతి ఆదేశం తర్వాత 0.1 సెకను ఆగుతుంది. దాని పాజ్ (PAUSE) విలువను 0 చేయండి.

4. ఇంకా వణుకుంటే, ప్రతి ఫ్రేములో కొత్త స్థానం వైపు మిగిలిన దూరంలో ఐదో వంతు మాత్రమే జరపండి. మరీ తగ్గిస్తే కర్సర్ వెనకబడుతుంది.

5. స్క్రీన్ అంచులు అందకపోతే, కెమెరా చిత్రం మధ్యలో చిన్న చతురస్రం తీసుకుని దాన్ని మొత్తం స్క్రీన్‌కు సాగదీయండి.

ముందు 1, 3 చేసి చూడండి.